మంచు మీద పడక: జీ లైట్ సోల్ మడత ఫోమ్ చాప సమీక్ష

శీతకాలపు అడవిలో వీపున మోయగలిగినంత సామానుతో మాత్రమే రాత్రులు గడపదలచినవారు ఒక్కొక్క వస్తువునూ తూకం వేసి పక్కన పెడుతున్నప్పుడు, వారి చూపు తరచుగా కింద పరుచుకునే చాప మీద పడుతుంది. గుడారం కంటికి కనిపించే రక్షణ, స్లీపింగ్ బ్యాగ్ చేతికి తెలిసే వెచ్చదనం. చాప మాత్రం ఉన్నా లేకున్నా పెద్ద తేడా పడదన్నట్టు కనిపిస్తుంది. నా అభిప్రాయం దీనికి పూర్తిగా భిన్నమైనది. థర్మరెస్ట్ సంస్థ తయారు చేసే జీ లైట్ సోల్ అనే మడత ఫోమ్ చాప మంచు మీద ఒంటరిగా వాడడానికి చాలదని మొదటే చెప్పేస్తాను. అయినప్పటికీ, చలికాలపు సామానులో మిగతావన్నీ తగ్గించుకున్నాక కూడా నేను వదులుకోని వస్తువు అదే. ఈ రెండు మాటలకూ పొంతన ఎక్కడ కుదురుతుందో చెప్పడానికే ఈ సమీక్ష.

వస్తువు చాలా సాదాగా ఉంటుంది. లోపలి గాలి బుడగలు ఒకదానితో ఒకటి కలవకుండా మూసుకుపోయి ఉండే ఫోమ్‌ను గుడ్ల ట్రే మాదిరిగా గుంటలూ గుబ్బలుగా అచ్చుపోసి, వరుసగా మడతలు పడేటట్టు చేశారు. పూర్తి పరిమాణపు చాప పొడవు 183 సెంటీమీటర్లు, వెడల్పు 51 సెంటీమీటర్లు, మందం 2 సెంటీమీటర్లు, బరువు 410 గ్రాములు. 130 సెంటీమీటర్ల పొట్టి రకం 290 గ్రాములు తూగుతుంది. ఒక వైపు వెండిరంగులో మెరిసే అల్యూమినియం పూత ఉంటుంది. ఇంతకు మించి అందులో చెప్పుకోవడానికి ఏమీ లేదు: గాలి ఊదే కవాటం లేదు, కుట్టు లేదు, అతుకు లేదు, విప్పాక కాసేపు ఆగవలసిన పని కూడా లేదు. నేల మీద వేయగానే పడక సిద్ధం.

వేసవిలో సామాను తగ్గించుకోవడం అంటే ప్రధానంగా బరువు తగ్గించుకోవడమే. ఏదైనా వస్తువు విఫలమైతే ఆ రాత్రి నిద్ర పాడవుతుంది, మరునాడు ఒళ్ళు నొప్పులు పుడతాయి, అంతకంటే ప్రమాదం సాధారణంగా ఉండదు. శీతకాలంలో లెక్క మారిపోతుంది. సున్నాకు పది పదిహేను డిగ్రీల దిగువన, దగ్గరి దారికి రెండు రోజుల నడక దూరంలో ఉన్నప్పుడు, ఒక వస్తువు ఎంత తేలికగా ఉంది అన్న ప్రశ్న కంటే, అది పనిచేయకపోతే ఏమవుతుంది అన్న ప్రశ్నే ముందు వేసుకోవాలి. అందువల్ల చలికాలపు మితసామాను అనే మాటకు నేను ఇచ్చుకునే అర్థం ఇది: వస్తువుల సంఖ్య తక్కువగా ఉండాలి, ఒక్కొక్కటి రెండు మూడు పనులకు అక్కరకు రావాలి, ప్రాణం ఆధారపడిన వస్తువులో విరిగే భాగాలు వీలైనంత తక్కువ ఉండాలి. ఈ కొలబద్దతో చూసినప్పుడే ఈ చాప విలువ తెలుస్తుంది. ఒక్క బరువుతోనో, ఒక్క వెచ్చదనపు అంకెతోనో చూస్తే తెలియదు.

ముందుగా నేల సంగతి చూడాలి. స్లీపింగ్ బ్యాగ్ వెచ్చగా ఉంచేది అందులోని ఈకల వల్లనో నారల వల్లనో కాదు; అవి ఉబ్బి తమ మధ్య పట్టి ఉంచే కదలని గాలి వల్ల. పడుకున్నప్పుడు శరీరం బరువుకు అడుగు భాగం అణగిపోతుంది, ఆ గాలి అంతా బయటికి పోతుంది. అంటే ఎంత ఖరీదైన బ్యాగ్ కొన్నా, వీపు కింద మిగిలేది రెండు పొరల గుడ్డ, వాటి మధ్య నలిగిన ఈకలు మాత్రమే. కింది నుంచి వచ్చే చలిని ఆపవలసింది చాప ఒక్కటే. స్లీపింగ్ బ్యాగుల ఉష్ణోగ్రత పరిమితులను నిర్ణయించే ఐఎస్ఓ 23537 ప్రమాణంలో కూడా, వేడి పుట్టించే మానవాకార బొమ్మకు లోదుస్తులు తొడిగి, బ్యాగులో పెట్టి, చాప మీద పడుకోబెట్టే కొలతలు తీస్తారు. కాబట్టి బ్యాగు మీద ముద్రించిన సౌకర్య ఉష్ణోగ్రత కింద మంచి చాప ఉన్నదన్న షరతుకు లోబడిన అంకె. పలచని చాప వేసుకుని, చలి వేసిందని బ్యాగును నిందించేవారిని చాలామందిని చూశాను. అదే బ్యాగు మీద మూడో అంకెగా ముద్రించే తీవ్ర పరిమితి కొనుగోలుకు ఆధారం కానే కాదు. అది ప్రాణాపాయపు అంచును సూచించే అంకె.

చాపల వెచ్చదనాన్ని ఆర్-విలువతో కొలుస్తారు. అంకె పెరిగేకొద్దీ వేడి నేలలోకి జారిపోయే వేగం అదే నిష్పత్తిలో తగ్గుతుంది. పూర్వం ఒక్కొక్క తయారీదారు ఒక్కొక్క పద్ధతిలో కొలిచి తమకు నచ్చిన అంకె వేసుకునేవారు, అందుచేత రెండు సంస్థల చాపలను పోల్చడానికి వీలుండేది కాదు. 2018 నాటి ఏఎస్‌టీఎం ఎఫ్3340 ప్రమాణం వచ్చాక, దాన్ని పాటించే సంస్థల అంకెలను పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. ఆ ప్రమాణం ప్రకారం జీ లైట్ సోల్ ఆర్-విలువ 2.0. ఇది చిన్న అంకె. మంచు మీద పడుకోవడానికి కనీసం 5 ఉండాలన్నది చలికాలంలో తిరిగేవారు సాధారణంగా పాటించే నియమం.

ఆ తేడా ఎంత పెద్దదో చిన్న లెక్కతో తెలుసుకోవచ్చు. నిద్రపోతున్న మనిషి శరీరం గంట గంటకూ ఉత్పత్తి చేసే వేడి సుమారు 70 నుంచి 80 వాట్ల స్థాయిలో ఉంటుంది. వీపు, నడుము, కాళ్ళు కలిపి చాపను నొక్కే విస్తీర్ణం 0.4 చదరపు మీటర్లు అనుకుందాం, శరీరానికీ కింది మంచుకూ మధ్య 30 డిగ్రీల తేడా ఉందనుకుందాం. ఆర్-విలువను 5.68తో భాగిస్తే మెట్రిక్ కొలత వస్తుంది. ఆ ప్రకారం 2.0 ఉన్న చాప మీదుగా నేలలోకి పోయే వేడి దాదాపు 34 వాట్లు. అంటే శరీరం రాత్రంతా పుట్టించే వేడిలో సగానికి దగ్గరగా మంచుకే ధారపోస్తున్నామన్నమాట. ఆర్-విలువ 4 అయితే నష్టం 17 వాట్లకు, 6.5 అయితే పదిన్నర వాట్లకు దిగుతుంది. ఇది ఉజ్జాయింపు లెక్కే, నలిగిన బ్యాగు పొరలను ఇందులో కలపలేదు; అయినా ఈ చాప ఒక్కదాని మీద మంచులో రాత్రంతా నిద్రపట్టకపోవడానికి కారణం ఈ లెక్కలో స్పష్టంగా కనిపిస్తుంది. గడ్డకట్టని నేల మీద, ఆకురాలిన అడవిలో, రాత్రి ఉష్ణోగ్రత సున్నాకు కాస్త పైన ఉండే రోజుల్లో ఇది ఒక్కటే సరిపోవచ్చు. ఉష్ణోగ్రత అంతకంటే దిగితే దీన్ని ఒంటరిగా నమ్మకూడదు.

ఇక్కడ పాఠకుడికి న్యాయమైన సందేహం ఒకటి రావాలి. అదే సంస్థ చేసే నియోఎయిర్ ఎక్స్‌థర్మ్ ఎన్ఎక్స్‌టీ అనే గాలి చాప దాదాపు 440 గ్రాముల బరువుకే 7.3 ఆర్-విలువ ఇస్తుంది. బరువులో పెద్ద తేడా లేదు, వెచ్చదనం మూడున్నర రెట్లు, మడిస్తే నీళ్ళ సీసా అంత చోటు చాలు, పైగా మూడు అంగుళాల మెత్తదనం. అలాంటప్పుడు ఫోమ్ చాప ఎవరికి కావాలి? కాగితం మీద ఈ వాదనకు జవాబు లేదు. నేను కూడా ఆ గాలి చాప జాతిని తక్కువ చేయడం లేదు. తీవ్రమైన చలిలో పడకకు అటువంటిదే అసలు ఆధారం. అయితే గాలి చాపకు గాలే సర్వస్వం. ఒక ముల్లు, స్టవ్ నుంచి ఎగిరిన ఒక నిప్పురవ్వ, మంచు కింద దాగిన ఒక విరిగిన కొమ్మ చాలు, 7.3 ఉన్న చాప సున్నాకు దగ్గరగా చేరుతుంది. వేసవిలో పంక్చరును వెతికి అతికించుకోవచ్చు. చలిలో వేళ్ళు కొంకర్లు పోయి, దీపం వెలుగులో, సబ్బు నురగ పూసి బుడగలు చూసే వీలు లేనిచోట, తడి ఉపరితలానికి జిగురు పట్టని స్థితిలో ఆ పని దాదాపు అసాధ్యం.

పంక్చరు పడకపోయినా గాలి చాపకు చలిలో మరికొన్ని చిక్కులున్నాయి. సాయంత్రం 15 డిగ్రీల దగ్గర ఊదిన గాలి అర్ధరాత్రి సున్నాకు 15 డిగ్రీల దిగువకు చల్లబడితే, వాయు నియమం ప్రకారం దాదాపు పదోవంతు కుంచించుకుపోతుంది. చాప మెత్తబడి తుంటి నేలకు తగులుతుంది. పడుకునే ముందు మరోసారి గాలి నింపడం అలవాటు చేసుకోవాలి. నోటితో ఊదితే ఊపిరిలోని తేమ లోపల చేరి గడ్డకడుతుంది, కొన్ని రోజుల ప్రయాణంలో అది పేరుకుంటుంది. కనుక సంచీలో గాలి పట్టి చాపలోకి నొక్కే సంచీ పంపునే వాడాలి. కవాటం చుట్టూ మంచు చేరి బిగుసుకుపోయే అవకాశమూ ఉంది. ఇవన్నీ నేర్చుకుంటే దాటగలిగిన ఇబ్బందులే. ఫోమ్ చాపలో మాత్రం ఇటువంటివి నేర్చుకోవడానికి కూడా ఏమీ ఉండదు.

అందుచేత నా నిర్ణయం రెండు పొరల పడక. ఆర్-విలువలు ఒకదాని మీద ఒకటి వేసినప్పుడు కూడుకుంటాయి, ఇది ఈ వ్యవహారంలో అన్నిటికంటే ఉపయోగపడే విషయం. 370 గ్రాముల దగ్గర తూగే, 4.5 విలువ గల ఎక్స్‌లైట్ ఎన్ఎక్స్‌టీ వంటి మధ్యరకం గాలి చాప కింద జీ లైట్ సోల్ వేస్తే మొత్తం 6.5 అవుతుంది, బరువు 780 గ్రాములు. ఒక్క ఎక్స్‌థర్మ్ కంటే ఇది బరువు ఎక్కువ, వెచ్చదనం కొంచెం తక్కువ. కానీ గాలి చాప పూర్తిగా పోయిన రాత్రి కూడా 2.0 మిగులుతుంది. దాని మీద ఖాళీ చేసిన బ్యాక్‌ప్యాక్, తాడు చుట్ట, వాడని దుస్తులు పరుచుకుని మగత నిద్రతోనైనా తెల్లవారే వరకు కాలక్షేపం చేయవచ్చు. సుఖంగా ఉండదు గానీ ప్రాణాపాయం చాలావరకు తగ్గుతుంది. తీవ్రమైన చలికి వెళ్ళేవారు ఎక్స్‌థర్మ్‌తోనే జత చేస్తే 9.3 వస్తుంది.

గాలి మీద ఏమాత్రం నమ్మకం లేనివారికి మూడో మార్గం ఉంది: రెండు ఫోమ్ చాపలు. 820 గ్రాములకు 4.0 విలువ, దేనికీ చిల్లు పడే ప్రసక్తి లేదు. ఓ మోస్తరు చలికి ఇది చాలా నిశ్చింతనిచ్చే పడక. అయితే రెండు చాపలు మోయడం అంటే సామాను పరిమాణం విపరీతంగా పెరుగుతుంది, చెట్లు దట్టంగా ఉన్నచోట కొమ్మలకు తగులుతూ నడవడం విసుగు పుట్టిస్తుంది. ఇక పచ్చని కొమ్మలు నరికి పరుచుకునే పాత పద్ధతిని నేను సిఫారసు చేయను. ప్రాణం మీదికి వచ్చినప్పుడు తప్ప బతికిన చెట్టును ఒక రాత్రి పడక కోసం నరకడానికి ఏ సమర్థనా లేదు.

ఫోమ్ చాప కింద వేయాలా, గాలి చాప మీద వేయాలా అన్న వాదన చలికాలపు బాటసారుల మధ్య ఎన్నటికీ తెగదు. కింద వేస్తే ముళ్ళ నుంచి, మంచు పెచ్చుల నుంచి గాలి చాపకు రక్షణ దొరుకుతుంది, అది మంచు మీద జారకుండా కూడా ఉంటుంది. మీద వేస్తే నున్నటి గాలి చాప మీంచి బ్యాగు జారిపోదు, గుబ్బల వల్ల కాస్త పట్టు దొరుకుతుంది. నేల సంగతి తెలియని చోట కింద వేయడమే నాకు ఇష్టం, ఎందుకంటే జారిపోయే ఇబ్బంది నిద్ర చెడగొడుతుంది గానీ పంక్చరు యాత్రనే చెడగొడుతుంది.

వెండిరంగు పూత గురించి తయారీదారులు ఇచ్చే ప్రాధాన్యానికి తగినంత ఫలితం ఉందా అంటే, కొంత ఉంది. పూత లేని జీ లైట్ విలువ 1.7, పూత ఉన్న సోల్ విలువ 2.0. వికిరణ రూపంలో పోయే వేడిని తిప్పికొట్టాలంటే మెరిసే ఉపరితలానికీ శరీరానికీ మధ్య కొంచెమైనా ఖాళీ ఉండాలి. గుంటలలో చిక్కుకున్న గాలి ఆ ఖాళీని ఇస్తుంది, గుబ్బలు తాకే చోట మాత్రం పూత ఉన్నా లేనట్టే. కాబట్టి మెరిసే వైపును పైకి ఉంచి వాడాలి. 0.3 లాభం చిన్నదే, కానీ 1.7తో పోలిస్తే అది ఆరో వంతు కంటే ఎక్కువ. దాని కోసం అదనపు బరువు మోయనక్కరలేదు గనుక వద్దనడానికి కారణం లేదు.

పడక పని అయ్యాక కూడా ఈ చాపకు పని ఉంటుంది, నా దృష్టిలో అసలు పని అప్పుడే మొదలవుతుంది. శీతకాలపు శిబిరంలో మెలకువగా గడిపే గంటల్లో ఎక్కువ భాగం మంచు కరిగించడానికే పోతుంది. ఒక కిలో మంచు కరగడానికి 334 కిలోజౌల్‌ల వేడి కావాలి. అదే నీటిని సున్నా నుంచి 80 డిగ్రీల దాకా వేడి చేయడానికి కూడా దాదాపు అంతే కావాలి. అంటే ప్రవహించే నీరు దొరికిన రోజుతో పోలిస్తే ఇంధనమూ సమయమూ రెండింతలకు దగ్గరగా ఖర్చవుతాయి. గిన్నె అడుగున కొంచెం నీరు పోసి మంచును కొద్దికొద్దిగా వేయకపోతే అడుగు మాడిన వాసన నీటికి పడుతుంది, కనుక వదిలేసి వెళ్ళే పని కాదు, పక్కనే కూర్చుని చూసుకోవాలి. తాగడానికి, వంటకు, రాత్రి బ్యాగులో పెట్టుకునే వేడినీటి సీసాకు కలిపి సాయంత్రం గంట పైనే అక్కడ కూర్చోవలసి వస్తుంది. మంచు మీద నేరుగా కూర్చుంటే ఆ గంటలోనే నడుము కింది భాగం చల్లబడి, దుస్తులు తడిసి, ఆ తడితోనే బ్యాగులో దూరవలసి వస్తుంది. గాలి చాపను స్టవ్ పక్కన పరిచే సాహసం ఎవరూ చేయరు. ఫోమ్ చాపను మూడు నాలుగు మడతలుగా వేసుకుని కూర్చోవచ్చు, మోకాళ్ళు ఆనించి మంచు తవ్వవచ్చు, బూట్లు విప్పి మేజోళ్ళతో దాని మీద నిలబడి దుస్తులు మార్చుకోవచ్చు. ఈ పనులకు ప్రత్యేకంగా కూర్చునే చాప, మోకాలి చాప, స్టవ్ పీట మోసుకుపోయేవారు ఉన్నారు. మితసామాను దృష్టితో చూస్తే ఆ మూడింటినీ ఇంటి దగ్గరే వదిలేసే అవకాశం ఇచ్చినందుకు 410 గ్రాములు తక్కువ మూల్యమే.

స్టవ్ కింద కూడా ఒక ముక్క అక్కరకు వస్తుంది. గ్యాస్ డబ్బాలోని బ్యూటేన్ మైనస్ అర డిగ్రీ దగ్గరే ఆవిరవడం మానేస్తుంది, ఐసోబ్యూటేన్ మైనస్ 12 దగ్గర, ప్రొపేన్ మైనస్ 42 దగ్గర ఆగుతాయి. పైగా మండుతున్న కొద్దీ డబ్బా తనంతట తానే ఇంకా చల్లబడుతుంది. దాన్ని నేరుగా గడ్డమంచు మీద పెడితే మంట సన్నగిల్లిపోవడం ఖాయం. ఫోమ్ ముక్క మీద పెడితే కింది చలి తగ్గుతుంది, స్టవ్ వేడికి అడుగున మంచు కరిగి గిన్నె ఒరిగిపోయే ప్రమాదమూ తగ్గుతుంది. వేడెక్కే భాగం ఫోమ్‌ను తాకకుండా మధ్యలో పలచని చెక్క ముక్క ఉండాలి, ఎందుకంటే ఈ ఫోమ్ వేడికి సులువుగా కరుగుతుంది. ఎంత చలిగా ఉన్నా మూసిన గుడారంలో మాత్రం స్టవ్ వెలిగించకూడదు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, హెచ్చరిక లేదు.

ప్రథమ చికిత్సలోనూ ఈ చాపకు స్థానముంది. చలికి వణుకు ఆగిపోయే స్థితికి చేరిన తోటివాడికి పైన ఎన్ని కప్పినా, కింద ఏమీ వేయకపోతే ప్రయోజనం ఉండదు. మొదట చేయవలసిన పనుల్లో అతన్ని నేల నుంచి వేరు చేయడం ఒకటి. గాలి నింపే ఓపిక, సమయం లేని ఆ క్షణంలో విప్పి పరిచే చాప ఉండడం గొప్ప సౌకర్యం. బెణికిన చీలమండ చుట్టూ మడిచి గుడ్డతో కట్టి కదలకుండా నిలపడానికి కూడా ఇది పనికొస్తుంది.

లోపాల విషయానికి వస్తే, మొదటిది ఆ గుంటలే. వెచ్చదనాన్ని ఇచ్చే గుంటలే మంచు పొడిని పట్టి ఉంచుతాయి. గుడారం బదులు ఒక టార్పాలిన్ గుడ్డను మాత్రమే కట్టుకుని పడుకునేవారికి గాలి విసిరిన మంచు పొడి చాప మీద పడడం మామూలే. అది గుంటల్లో కూరుకుని, శరీరం వేడికి కరిగి, బ్యాగు అడుగును తడుపుతుంది. ఫోమ్ నీటిని పీల్చుకోదు గనుక చాపను తిరగేసి గట్టిగా దులిపితే పోతుంది; కానీ ఈ దులపడం రోజుకు ఎన్నిసార్లు చేయాలో చెప్పలేం. చదునైన ఫోమ్ చుట్టకు ఈ బాధ లేదు. అయితే చదును చుట్టలు చలికి బిగుసుకుపోయి, విప్పాక కూడా చాలాసేపు చుట్టుకుపోవడానికే చూస్తాయి, మూలలు పైకి లేస్తాయి. రెండింటిలో నేను మడత చాపనే ఎంచుకుంటాను. నీమో వారి స్విచ్‌బ్యాక్ కూడా ఇదే తరహా, ఇదే 2.0 విలువ, దాదాపు ఇంతే బరువు. గుంటలు ఇంకాస్త లోతుగా ఉండి పడుకోవడానికి కొంచెం మెత్తగా అనిపిస్తుంది, మంచు పట్టడంలోనూ తక్కువ తినలేదు.

రెండవ లోపం వెడల్పు. 51 సెంటీమీటర్లు వేసవి పడకకు సరిపోతుంది. ఉబ్బిన చలికాలపు బ్యాగులో, మందపాటి దుస్తులతో పడుకున్నవారి మోచేతులు రెండు వైపులా చాప దాటి మంచు మీదికి పోతాయి. భుజాలు వెడల్పుగా ఉన్నవారు రాత్రంతా చేతులు ముడుచుకునే పడుకోవలసి వస్తుంది. పక్కకు తిరిగి పడుకునే అలవాటు ఉన్నవారికి రెండు సెంటీమీటర్ల ఫోమ్ తుంటి కింద ఏమాత్రం చాలదు. అయితే మంచు నేలకు ఒక అనుకూలత ఉంది. పడుకునే చోటును ముందుగా బూట్లతో తొక్కి చదును చేసి, తుంటికీ భుజానికీ కొద్దిపాటి పల్లం చేసి, అరగంట వదిలేస్తే మంచు రేణువులు ఒకదానికొకటి అతుక్కుని గట్టిపడతాయి. ఆ తరువాత చాప వేస్తే, శరీరాకృతికి తగ్గ పడక తయారవుతుంది. తొక్కకుండా వదులు మంచు మీదే పడుకుంటే మాత్రం రాత్రి సగంలో శరీరం కిందికి కుంగి, తెల్లవారేసరికి ఆ ఎగుడుదిగుడులే రాయిలా బిగుసుకుని ఉంటాయి. ఆ చోటును ఎంచుకునేటప్పుడు తలమీద ఎండిన కొమ్మలు లేకుండా, మంచు చరియలు విరిగిపడే 30 నుంచి 45 డిగ్రీల వాలు గల కొండల దారిలో లేకుండా, చల్లగాలి చేరే లోయ అడుగున కాకుండా చూసుకోవాలని వేరే చెప్పనవసరం లేదు.

మోత గురించి కూడా చెప్పాలి. మడిచిన చాప 51 సెంటీమీటర్ల పొడవు, 13, 14 సెంటీమీటర్ల పక్కలు గల దిమ్మ. దీన్ని బ్యాక్‌ప్యాక్ లోపల పెట్టడం అసాధ్యం కాకపోయినా అనవసరం, బయట కట్టుకోవాలి. అడ్డంగా కడితే చెట్ల మధ్య దారిలో ప్రతి కొమ్మకూ తగులుతుంది, పైమూత కింద గానీ వీపు వెనుక నిలువుగా గానీ కట్టుకోవడం మేలు. చట్రం లేని తేలికపాటి బ్యాక్‌ప్యాక్ వాడేవారు ఈ చాపనే వీపు వైపు లోపల నిలిపి చట్రం పని చేయించుకుంటారు. దాంతో చట్రం బరువు మిగులుతుంది, గట్టి వస్తువులు వీపుకు గుచ్చుకోవు, నడక మధ్యలో ఆగినప్పుడు బయటికి లాగి కూర్చోవడం మాత్రం కాస్త కష్టమవుతుంది. ఎలా కట్టినా గాలి వీచే చోట విప్పి వదిలేయకూడదు. బరువు లేని చాప తెరచాప మాదిరిగా ఎగిరి వాలులో పడితే వెంటపడి పట్టుకోవడం మనిషి తరం కాదు.

మన్నిక విషయంలో నా తీర్పు మిశ్రమమే. ఏ ఫోమ్ చాప అయినా వాడగా వాడగా నలుగుతుంది, తుంటి భుజాలు ఆనే చోట గుబ్బలు అణగిపోతాయి, ఆ మేరకు మందమూ వెచ్చదనమూ తగ్గుతాయి. వెండి పూత కూడా రాపిడికి కొంచెం కొంచెంగా అరిగిపోతుంది. తయారీ రోజున కొలిచిన 2.0 ఏళ్ళు గడిచాక అలాగే ఉంటుందని అనుకోకూడదు. కానీ ఇక్కడ క్షీణత మెల్లగా, కంటికి కనిపిస్తూ జరుగుతుంది; గుబ్బల ఎత్తు చూసి చాప వయసు చెప్పవచ్చు, మార్చవలసిన సమయం ముందే తెలుస్తుంది. ఇంట్లో పెట్టేటప్పుడు మీద బరువులు పడకుండా, వేడి తగలకుండా, వీలైతే మడతలు వదులుగా ఉంచితే ఎక్కువ కాలం వస్తుంది. బిగించి కట్టి అటక మీద సామాను కింద వదిలేసిన చాప వాడకుండానే ముసలిదైపోతుంది.

మంచు మీద ఒక్క చాపతోనే సరిపెట్టుకోవాలని నిశ్చయించుకున్నవారు దీన్ని కొనవద్దు, ఎక్కువ ఆర్-విలువ గల గాలి చాపను కొని, దాని జాగ్రత్తలన్నీ నేర్చుకుని, అతుకు సామగ్రి వెంట ఉంచుకోవాలి. రెండు పొరలకు ఒప్పుకునేవారికి, ముఖ్యంగా సహాయం అందని చోటికి పోయేవారికి, కింది పొరగా ఇంతకంటే నమ్మదగినది నాకు కనిపించలేదు. పొట్టి రకం, పొడవు రకం మధ్య తేల్చుకోలేనివారు చలికాలానికి పొడవు రకాన్నే తీసుకోవాలి, ఎందుకంటే పాదాల కింద బ్యాక్‌ప్యాక్ వేసుకునే ఉపాయం వేసవిలో పనిచేసినంతగా మంచులో పనిచేయదు; మంచుతో తడిసిన బ్యాక్‌ప్యాక్ పాదాలకు వెచ్చదనం ఇవ్వదు. పొడవు మరీ ఎక్కువ అనిపించిన పొట్టివారు కత్తితో చివరి రెండు మూడు పలకలను మడత వెంట కోసుకుని, ఆ ముక్కను స్టవ్ కిందికీ కూర్చోవడానికీ వేరుగా ఉంచుకోవచ్చు. బుడగలు విడివిడిగా మూసుకుని ఉంటాయి గనుక కోసిన అంచు నుంచి నీరు లోపలికి చేరదు, దానికి కుట్టు గానీ టేపు గానీ వేయనక్కరలేదు.